పొట్టి తీగల మీద పొడవాటి రాగం

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, చేటలో శెనక్కాయలు పోసుకుని ఒలుచుకుంటూ పాటలు వినే అలవాటు మీలో చాలామందికి ఉండే ఉంటుంది. పాటయితే మాటలు పట్టుకుని వెళ్లిపోతాం. ఉత్త వాద్యం మొదలవగానే "ఇది మనకర్థమయ్యేది కాదులే" అని మార్చేస్తాం. ఈసారి మార్చకండి. అది మాండొలిన్ శ్రీనివాస్ గారిదైతే అసలే మార్చకండి.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. ఆరేళ్ల వయసులో తండ్రి సత్యనారాయణ గారి మాండొలిన్ చేతిలోకి తీసుకున్నారు. తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారే ఈ పిల్లవాడికీ గురువయ్యారు. విచిత్రమేమిటంటే, ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాడింది పాడినట్టు తీగల మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ. 1981లో మద్రాసు, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, 1998లో పద్మశ్రీ.

ఇదంతా సులువుగా జరిగిందనుకోకండి. మాండొలిన్ మన వాద్యం కాదు, ఇటలీ నుంచి వచ్చింది. సినిమా పాటల్లో టింగుటింగుమనే దానికి శాస్త్రీయ కచేరీలో చోటేమిటని పెద్దలు సందేహించారు. ఆ సందేహంలోనూ న్యాయముంది. మామూలు మాండొలిన్‌కు ఎనిమిది తీగలు, జంటలు జంటలుగా ఉంటాయి. మీటగానే పలుకు ఆరిపోతుంది. మన అనంతపురం నేల మీద చినుకు పడినట్టే, పడ్డం కనిపిస్తుంది గానీ నిలవడం కనిపించదు. మన సంగీతానికేమో స్వరం నిలవాలి, ఊగాలి. దాన్నే గమకం అంటారు. శ్రీనివాస్ జంట తీగలు వదిలేసి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నారు. పలుకు నిలిచింది, గమకం వచ్చింది.

మెచ్చుకున్నవాళ్లు ఎక్కువగా రెండు మాటలే అన్నారు. ఒకటి, బాల మేధావి అని. రెండు, ఏం వేగమో అని. నిజమే, 'రఘువంశ సుధ' వాయిస్తుంటే చేతిలో శెనక్కాయ చేతిలోనే ఉండిపోతుంది. అయితే నాకు మాత్రం ఆయన గొప్పతనం నిదానంలోనే ఉందనిపిస్తుంది. రాగం మొదలుపెట్టి ఒక్కో స్వరాన్ని తడిమి తడిమి పలికించేటప్పుడు తీగ మోగినట్టుండదు, ఎవరో గొంతెత్తి పాడుతున్నట్టుంటుంది. పాడి నేర్పిన గురువు గారి గొంతే అందులో ఉందేమో! పిండి గబగబా కలపడం చాలామందికి వస్తుంది. పాకం ముదరకుండా ఆపడం కొందరికే వస్తుంది కదండీ!

మన సీమకూ ఆయనకూ చుట్టరికముంది. సత్యసాయిబాబా భక్తులాయన. పుట్టపర్తి ప్రశాంతి నిలయంలో ఎన్నోసార్లు వాయించారు. బెర్లిన్ విన్న వాద్యాన్ని మన కొండల మధ్య కింద కూర్చుని విన్నవాళ్లూ ఉన్నారు. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో కన్నుమూశారు. అప్పటికి 45 ఏళ్లే.

ఎలా వినాలంటారా? మొదటి రోజు ఒక్క రాగమే పెట్టుకోండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు. అదే మర్నాడు మళ్లీ వినండి. మూడోనాటికి మీకు తెలియకుండానే కూనిరాగం తీస్తారు.

చివరగా ఒక్క మాట. వాన తప్పిన ఏడాది ఇంటి ఖర్చుల్లో మొదట కోత పడేది పిల్లల సంగీతానికే. "మాకే రాదు, వాళ్లకేం నేర్పిస్తాం" అని సర్దిచెప్పుకుంటాం. మాండొలిన్ పట్టుకోవడం రాని గురువు దగ్గరే మాండొలిన్ శ్రీనివాస్ తయారయ్యారు. మనకు రాకపోయినా, వచ్చే పిల్లను గుర్తుపట్టి కూర్చోబెట్టి వింటే చాలు. ఆ వినడానికి పైసా ఖర్చు లేదు.