ఆపరేషను తరువాత జబ్బు తిరిగి వస్తే

మన నర్సంపేట పల్లెల్లో ఎవరికైనా కళ్ళు పచ్చబడితే ముందుగా వినబడే మాట "పసరు పోయించండి" అని. వాటంతట అవే తగ్గిపోయే కామెర్లు చాలానే ఉన్నాయి కనుక పసరుకు పేరు వస్తుంది. కాని ఒక ఇంటి పెద్దాయనకు రెండేళ్ళ క్రితం క్యాన్సరు గడ్డ ఉన్నదని కాలేయంలో కొంత భాగం తీసివేశారనుకుందాం. ఇప్పుడు ఆయన కళ్ళు మళ్ళీ పచ్చబడ్డాయి. మిరపకాయలు ఏరే రోజులు. దాచుకున్న డబ్బు మొదటి ఆపరేషనుకే అయిపోయింది. "ఇంకేం చేస్తాం, అంతా దేవుని చిత్తం" అని ఇంటివారు ఊరుకుంటారు. అది ఊరుకోవలసిన సమయం కాదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

కాలేయం రోజుకు అర లీటరు నుండి లీటరు వరకు పైత్యరసం తయారుచేస్తుంది. పాకాల చెరువు నీరు కాలువల వెంట పొలాలకు పారినట్లు, ఆ రసం సన్నని నాళాల గుండా పేగులోకి చేరుతుంది. కాలువ పూడితే నీరు వెనక్కి తన్నినట్లే, నాళం మూసుకుపోతే పైత్యం రక్తంలో కలిసి కళ్ళు, మూత్రం పచ్చబడతాయి, మలం తెల్లబడుతుంది, ఒళ్ళు దురద పెడుతుంది. ఈ నాళాల లోపలి పొరలో పుట్టేదే పైత్యరస నాళపు క్యాన్సరు.

కాలేయం లోపలి నాళాల్లో గడ్డ పుడితే ఆ భాగాన్ని కోసి తీసివేస్తారు. ఆరోగ్యమైన కాలేయంలో మూడింట రెండు వంతులు తీసినా మిగిలినది కొన్ని వారాలు, నెలల్లో పెరిగి పని అందుకుంటుంది. అయినా కంటికి కనబడని కణాలు ఎక్కడో మిగిలిపోవచ్చు. అందుచేత ఆపరేషను అయినవారిలో సగానికి పైగా జబ్బు తిరిగి వస్తుంది. ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే, ఎక్కువగా మిగిలిన కాలేయంలోనే. తిరిగి వచ్చిన గడ్డ చిన్నదైతే కామెర్లు గాని నొప్పి గాని ఉండవు. అందుకే బాగున్నా సరే మొదటి రెండేళ్ళు మూడు నుండి ఆరు నెలలకొకసారి, డాక్టరు చెప్పిన ప్రకారం, స్కానింగు చేయించుకోవాలి.

మరి రెండవసారి ఆపరేషను చేయవచ్చునా? కొందరికి చేయవచ్చు. జబ్బు కాలేయం దాటకూడదు. గడ్డలు ఒకటి రెండు మాత్రమే ఉండాలి. తీయగా మిగిలే కాలేయం సరిపోవాలి. రోగికి బలముండాలి. మొదటి ఆపరేషనుకూ దీనికీ మధ్య ఏడాదికి పైగా గడిచి ఉంటే మరీ మంచిది. ఇలా ఎంపిక చేసినవారు మిగతావారి కంటె ఎక్కువ కాలం బ్రతికినట్లు వైద్యుల అనుభవం. అయితే వారి జబ్బు మొదటి నుండీ కొంత నెమ్మదైనదే కనుక, ఆ మేలంతా కత్తిదే అనలేము. గడ్డ బాగా చిన్నదైతే సూదితో వేడి పెట్టి కాల్చివేసే పద్ధతి కూడా ఉన్నది. ఎక్కువమందికి మాత్రం ఆపరేషను సాధ్యపడదు. వారికి మందులున్నాయి. 2010 నుండి రెండు మందుల కీమోథెరపీ వాడుకలో ఉన్నది. 2022 నుండి దానికి రోగనిరోధక శక్తిని ప్రేరేపించే మందు కూడా తోడైనది. మొదటి ఆపరేషను తరువాత ఆరు నెలలు మాత్రలు వాడితే మేలు కలుగవచ్చునని 2019లో ఒక పరిశోధన తెలిపింది.

ఇంకొక ముఖ్యమైన సంగతి. మళ్ళీ వచ్చిన కామెర్లన్నీ క్యాన్సరే కావు. కొందరికి నాళాన్ని పేగుకు కలిపి కుట్టి ఉంటారు. ఆ కుట్టు దగ్గర దారి ఇరుకైనా, రాళ్ళు చేరినా కళ్ళు పచ్చబడతాయి. దానిని సరిచేయవచ్చు. క్యాన్సరే అయినా, నాళంలో చిన్న గొట్టం అమర్చి పైత్యానికి దారి ఇస్తే దురద తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. కామెర్లతో పాటు చలిజ్వరం వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు. అది నాళంలో చీము పట్టిన గుర్తు కావచ్చు, ప్రాణానికే ప్రమాదం.

కనుక పాత కాగితాలు, స్కానింగు ఫిల్ములు, బయాప్సీ రిపోర్టు ఒక సంచిలో భద్రపరచండి. మొదట ఆపరేషను చేసిన డాక్టరు దగ్గరికే వెళ్ళండి. అది కుదరకపోతే వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో చూపించి, హైదరాబాదులోని నిమ్స్‌కు గాని ఉస్మానియాకు గాని వెళ్ళవచ్చు. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. మీ చికిత్సకు అది వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. డాక్టరును మూడు ప్రశ్నలు అడగండి: జబ్బు కాలేయంలోనే ఉన్నదా? తీయడానికి వీలున్నదా? తీయకపోతే మాకు ఏ దారి ఉన్నది? ఆ జవాబులు రోగికి తెలియకుండా దాచవద్దు. శరీరం ఆయనది, నిర్ణయంలో మొదటి మాట కూడా ఆయనదే.

హిజ్కియా రాజు మరణకరమైన రోగములో కన్నీటితో ప్రార్థించాడు. దేవుడు ఆలకించాడు. అయినా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమన్నాడు. ప్రార్థన చేసిన ఇంటివారే బస్సు ఎక్కి ఆసుపత్రికి వెళ్ళడంలో అవిశ్వాసమేమీ లేదు. సంఘములో ఎవరైనా ఇలా మంచాన ఉంటే, పరామర్శించి రావడంతో సరిపెట్టక, వారి పొలంలో ఒకరోజు కాయ ఏరి, ఒకరు తోడుగా హైదరాబాదు వెళ్ళగలిగితే, ఆ కుటుంబానికి అంతకంటె ఊరట ఏమున్నది?