ఆయిల్ ఇంజను పుల్లీ పట్టుకొనిపోయినచో ఊడదీయుట ఎట్లు?

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి గోదావరి డెల్టా సేద్యమునకు కాలువ నీరే ఆధారము. అయినను శివారు భూముల రైతుకు ఆయిల్ ఇంజను తప్పదు. వంతు నీరు చాలనప్పుడు మురుగు కాలువనుండి తోడుకొనుటకును, వాన ముంచినప్పుడు నారుమడి నీటిని బయటికి పంపుటకును, ఉండి, ఆకివీడు ప్రాంతములలోని చేపల చెరువులకును అదియే దిక్కు. నారు నీట మునిగియుండగా, పగిలిన పుల్లీ ఊడిరాక ఇంజను రెండు దినములు నిలిచిపోయినచో ఏమి జరుగునో మీకు చెప్పనక్కరలేదు.

పుల్లీ ఏల పట్టుకొనును? సముద్రపు గాలిలోని ఉప్పు వలన షాఫ్టుకును పుల్లీకిని నడుమ తుప్పు పట్టును. తుప్పు తాను తినివేసిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. కాబట్టి ఏళ్ల తరబడి కదల్చని పుల్లీ షాఫ్టును బిగబట్టి కూర్చుండును.

ఇట్టి సమయమున మనవారు మొదట చేయు పని సమ్మెట అందుకొనుట. అది తగదు. పుల్లీ పోత ఇనుముతో చేసినది; అంచుమీద కొట్టిన పగులును. షాఫ్టు కొనమీద కొట్టిన ఆ కొన పుట్టగొడుగువలె విచ్చుకొని పుల్లీకి దారి లేకుండ చేయును. ఆ దెబ్బ లోపలి బేరింగులకు కూడ తగులును. పుల్లీ పోయిన కొత్తది తెచ్చుకొనవచ్చును గాని, క్రాంకు షాఫ్టు చెడినచో ఇంజను అంతయు విప్పవలసివచ్చును.

ఇంజనును ఆపి, చల్లారనిచ్చి, బెల్టు తీసివేయుడు. షాఫ్టు బయటి కొనను ఎమెరీ కాగితముతో మెరయునట్లు రుద్దుడు. పుల్లీ బొడ్డుమీద బిగింపు మర ఉన్నదేమో రంగు గీకి చూడుడు. ఒక మర తీసిన పిమ్మట దాని క్రింద రెండవది దాగియుండుట కద్దు. దీనిని చూడక గంటలు పెనుగులాడినవారు అనేకులు.

తరువాత కీ సంగతి. మన ఇంజనులలో తరచు తలగల కీ ఉండును. ఇది 100 మి.మీ. పొడవునకు సుమారు 1 మి.మీ. వాలుతో సన్నగిలును. అందుచేత కొద్దిగ కదలినచో చాలు, పట్టు వదలును. కీ తలకును పుల్లీ బొడ్డుకును నడుమ, ఒక వైపు పలుచగను ఒక వైపు మందముగను ఉన్న ఉక్కుముక్కను పెట్టి సుత్తితో మెల్లగా దిగగొట్టుడు. కీ వెలుపలికి వచ్చును. గునపముతో పెకలించినచో తల విరుగును. అటుపిమ్మట లేత్ షాపు వానివద్దకు పోవుటయే మిగులును.

కీ వచ్చినను పుల్లీ రాకున్నచో, షాఫ్టు చుట్టును కిరసనాయిలు పోసి ఒక రాత్రి నాననిండు. మరునాడు మూడుకాళ్ల పుల్లరు బిగింపుడు. దాని కాళ్లు బొడ్డును పట్టవలెను గాని అంచును పట్టరాదు. నడిమి మరకు గ్రీజు పూసి, షాఫ్టు కొనమీద ఇత్తడి బిళ్ల ఉంచి బిగింపుడు. బాగుగా బిగిసిన పిదప ఆ మర తలమీద ఒక్క దెబ్బ వేసి, మరల బిగింపుడు. ఊరి సహకార సంఘమువారు ఒక పుల్లరు కొనియుంచినచో అందరికిని అక్కరకు వచ్చును.

అప్పటికిని కదలనిచో వేడిచేయవలెను. 40 మి.మీ. రంధ్రముగల బొడ్డు 150 డిగ్రీలు అదనముగ వేడెక్కినచో రంధ్రము సుమారు 0.07 మి.మీ. పెద్దదగును. తుప్పు పట్టు వదలుటకు తరచు అది చాలును. ముందుగా పోసిన కిరసనాయిలును గుడ్డతో పూర్తిగా తుడిచి, డీజిలు డబ్బాను దూరముగ పెట్టి, పుల్లరు బిగించియుండగనే బ్లో లాంపును బొడ్డు చుట్టును సమముగ త్రిప్పుడు. తొందరగా వేడిచేయవలెను, ఆలస్యమైనచో షాఫ్టు కూడ వేడెక్కి ఉబ్బును, చేసిన పని వ్యర్థమగును. వేడి పుల్లీపై నీరు పోయరాదు. పోత ఇనుము పగులును.

జీపు, ట్రాక్టరు ఇంజనుల ముందు పుల్లీలకు నడుమ పెద్ద బోల్టు ఉండును. కొన్నింటిలో బొడ్డుకును అంచుకును మధ్య రబ్బరు వలయము కూడ ఉండును. అట్టివానిని అంచు పట్టి లాగినను, మంట చూపినను రబ్బరు పాడగును. వానికి బొడ్డులోని మర రంధ్రములలో బోల్టులు ఎక్కించి లాగు పుల్లరు వాడవలెను.

తిరిగి బిగించుటకు ముందు రంధ్రమును, షాఫ్టును తుప్పు లేకుండ తుడిచి పలుచగ గ్రీజు రాయుడు. ఇంజను పుల్లీ, పంపు పుల్లీ ఒకే వరుసలో ఉన్నవో లేవో దారము లాగి చూచుకొని కీ దిగగొట్టుడు. కీ తలకును బొడ్డుకును నడుమ సందు తప్పక మిగల్చుడు. రాబోవు సారి ఉక్కుముక్క పెట్టుటకు చోటు అదియే. ఈ పని వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో చేసికొనుట మేలు. ఒక గంట నడిపిన తరువాత ఇంజను ఆపి, కీ వదులైనదేమో మరొకసారి చూచుకొనుడు.