చేపలలో మేలువిత్తు

కోతలకు ముందు మన రైతు పొలములో తిరిగి, గింజ నిండిన కంకులను ఏరి, రాబోవు ఏటి విత్తనమునకై వేరుగా దాచుకొనును. మిగిలినది తినును, అమ్మును. పశువుల విషయమునను ఇంతే. ఒంగోలు గిత్తలలో మేలైన దానిని ఆబోతుగా విడుచుట మనకు తాతలనాటి ఆచారము. కాని చేపల చెరువుగట్టునకు వచ్చునప్పటికి, అజాగ్రత్తగా పని నడచు చోట్ల, ఈ ఆచారము తలక్రిందులగుచున్నది. వల లాగినపుడు త్వరగా పెరిగి బరువెక్కిన చేప మంచుపెట్టెలోనికి పోవును. బజారున దానికే ధర. ఎదుగుబొదుగు లేనిది చెరువులోనే మిగిలి, మరుసటి తొలకరికి గ్రుడ్లు పెట్టి తల్లియగును. ఇట్లు కొన్ని తరములు గడచినచో, మనము ఎరుగకుండనే మెల్లగా పెరుగు చేపలను ఏరి పెంచినవార మగుదుము.

పూర్వము ఈ చిక్కు లేదు. ఏలయన చేపవిత్తనము మన చేతిలోనిది కాదు. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు చెరువులలో ఏపుగా పెరుగునే కాని, నిలువనీటిలో సహజముగా గ్రుడ్లు పెట్టవు. వానకాలమున నదులు పొంగినపుడు పారునీటిలో పుట్టిన పిల్లలను సన్నని వలలతో పట్టి తెచ్చి చెరువులలో విడుచుచుండిరి. వాని తల్లి యెవరో, తండ్రి యెవరో ఏటికే యెరుక! 1957వ సంవత్సరమున ఒడిశాలో డాక్టరు హీరాలాల్ చౌధురియు, ఆయన సహచరులును చేప తలలోని పీయూషగ్రంథి రసమును తల్లిచేపలకు సూదిమందుగా నెక్కించి, గ్రుడ్లు పెట్టించుటలో కృతకృత్యులైరి. ఆనాటినుండి జంటను కూర్చు బాధ్యత ఏటినుండి మనిషికి సంక్రమించినది.

ఆవు ఏటికొక దూడను మించి ఈనదు. శీలావతి యన్ననో, తన బరువులో కిలో ఒక్కింటికి రెండు మూడు లక్షల గ్రుడ్లు పెట్టును. ఇది వరమే, కొలదిపాటి తల్లిచేపలున్నను ఎన్నియో చెరువులకు సరిపడు పిల్లలు వచ్చును. ఉచ్చు కూడ ఇందులోనే యున్నది. పదింటితో పని జరుగునపుడు నూరింటిని మేపుట దండుగ యనిపించును. ఆ పదింటి సంతానమునుండియే మరల పదింటిని తల్లులుగా ఉంచుకొందురు. కొన్నాళ్లకు చెరువులోని వన్నియు తోబుట్టువులే యగును. మేనరికముల గూర్చియే వైద్యులు హెచ్చరించుచుండగా, ఇచట తోబుట్టువులకే పెండ్లి చేయుచున్నాము! ఫలితము ఒక్కసారిగా కనబడదు. పొదిగిన పిల్లలు తగ్గును, పెరుగుదల మందగించును, వెన్ను వంకరబోయిన పిల్లలు అక్కడక్కడ కనిపించును. రైతు మేతను నిందించును, నీటిని నిందించును. విత్తును మాత్రము అనుమానింపడు.

అట్లయిన పెద్దచేపలను ఏరి ఉంచుకొన్న చాలదా యని మీరడుగవచ్చును. చిన్నవానిని ఉంచుకొనుటకంటె అది మేలే. కాని కన్ను మోసపోవును. ఒక చెరువులో మేత హెచ్చు, మరొక చెరువులో చేపల ఒత్తిడి హెచ్చు. పదిదినములు ముందు పుట్టినది పెద్దదిగా తోచును. మేతవలన వచ్చిన బరువు పిల్లలకు సంక్రమింపదు, వంశమువలన వచ్చినదే సంక్రమించును. ఈ రెంటిని వేరుపరచుటయే ఈ శాస్త్రములోని అసలు పని.

ఆ పనికి మన దేశమున మంచి ఉదాహరణము శీలావతియే. భువనేశ్వరము చెంత కౌసల్యాగంగలో మంచినీటి చేపల పెంపకమునకై నెలకొన్న కేంద్రీయ పరిశోధన సంస్థ 1992లో నార్వే శాస్త్రజ్ఞులతో కలిసి దీనిని చేపట్టినది. నార్వేవారు 1970 దశకమునుండియే సాల్మను చేపలలో ఈ పద్ధతిని నడపి ఆరితేరినవారు. మొదట గంగ, యమున, గోమతి, బ్రహ్మపుత్ర, సట్లెజ్ నదులనుండి చేపలను తెచ్చి, సంస్థ చెరువులలోని వానితో కలిపి మూలధనముగా కూర్చుకొనిరి. మూలము ఎంత విశాలమో, ఏరుకొనుటకు అంత అవకాశము.

ఒక్కొక్క జంట పిల్లలను ఒక్కొక్క కుటుంబముగా వేరువేరు తొట్లలో పెంచుదురు. కొంత ఎదిగిన పిదప, వడ్లగింజకంటె కొంచెము పెద్దదైన గుర్తింపు చిప్పును ప్రతి పిల్ల పొట్టలో అమర్చుదురు. ఆ మీదట అన్ని కుటుంబములను ఒకే చెరువులో విడిచి, ఒకే మేత వేయుదురు. తూకమునాడు యంత్రమును దగ్గరకు చేర్చగనే చేప కులగోత్రములు బయటపడును! ఏ కుటుంబము సగటున ముందున్నదో, అందులో ఏ చేప మేలైనదో లెక్కగట్టి, దగ్గరి చుట్టరికము లేని వానిని జతపరచుదురు. శీలావతి ఈడునకు వచ్చుటకు రెండేండ్లవరకు పట్టును గనుక ఇది తొందరపడువారి పని కాదు.

తరమునకు సగటున 17 శాతము చొప్పున పెరుగుదల హెచ్చినది. ఇది వడ్డీకి వడ్డీ వంటిది. నాలుగు తరములు ఇట్లే సాగినచో, మొదట కిలో తూగిన కాలములోనే రెండు కిలోలకు చేరువ కావలయును. స్వాతంత్ర్యము వచ్చి 50 ఏండ్లు నిండిన 1997లో ఈ చేపను రైతులకు విడుదల చేసి ‘జయంతి’ యని పేరిడిరి. ఇందులో జన్యువులను కోసి అతికించిన దేదియు లేదని గృహిణులు గమనింతురు గాక. కంకులను ఏరు రైతు చేసిన పనియే ఇది, లెక్కతో చేసినది.

అయినను పేరు చూచి మోసపోరాదు. మేలుజాతి తల్లిచేపలు ఉత్పత్తి కేంద్రమునకు చేరిన తరువాత మామూలు చేపలతో కలిసిపోయినచో, పేరు నిలుచును గాని గుణము పలుచబడును. పిల్లలను కొను రైతు ధర అడుగుటతోపాటు, తల్లిచేపలు ఎన్ని యున్నవి, ఎచటినుండి వచ్చినవి, క్రొత్తవానిని తెచ్చి ఎన్నేండ్లయినది అని కూడ అడుగవలయును. కేంద్రము నడుపువారు పోతులను, పెంటులను వేరువేరు చెరువులనుండి తెచ్చుకొనుట, మేలైన చేపలను పట్టుబడినాడే, తక్కెడకు ఎక్కకముందే, ప్రక్కకు తీసి ఉంచుట ఖర్చులేని పనులు. తొలకరి వచ్చి సూదిమందు చేతబట్టునాటికి, చెరువులో మిగిలిన వానిలోనే జతలు వెదకుకొనవలసి వచ్చును.