మక్కీకి మక్కీ దించితే ఏం గొప్ప?

''నువ్వు గెలిచింది ఉత్త నకలు ఆట. అసలుది షాపులో ఉంది. అది ఆడి గెలువు చూద్దాం!''

మా అన్నయ్య ఈ మాట అని పాతికేళ్ళు దాటింది. నేను మాత్రం మర్చిపోలేదు.

ఆడవాళ్ళ పేజీలో ఈ వీడియో గేముల గోలేమిటని పేజీ తిప్పేయకండి. కాస్త వినండి.

1997 వేసవిలో మా బాబాయి మద్రాసు బర్మా బజారు నుంచి టీవీకి తగిలించుకునే ఆటల పెట్టె ఒకటి తెచ్చాడు. దానిమీద కంపెనీ పేరంటూ ఏమీ లేదు. పసుప్పచ్చ క్యాసెట్ మీద మాత్రం '9999 ఆటలు' అని గొప్పగా రాసుంది. తిప్పి తిప్పి చూస్తే పట్టుమని పాతిక కూడా లేవు. వాటిల్లో ఒకటి 'కాంట్రా'. చొక్కాల్లేని ఇద్దరు సిపాయిలు అడవిలో గెంతుతూ శత్రువులని కాల్చుకుంటూ పోతారే, ఆ ఆట.

అన్నయ్యకి అది కొత్త కాదు. బస్టాండు వెనక వీడియో గేమ్స్ షాపులో రూపాయి బిళ్ళలు తగలేసి అప్పటికే ఆడేవాడు. నన్నేమో ఆ గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు. ''ఆ సిగరెట్ల కంపులో ఆడపిల్లవి నీకేం పనే?'' అనేది అమ్మ. అందుకని ఆ మెషీన్ ఎలా ఉంటుందో, చివర్లో ఏమొస్తుందో అన్నీ అన్నయ్య చెబితే వినడమే. ఆ వేసవి సెలవులు అయ్యేలోపు నేను ఇంట్లో ఎనిమిది స్టేజీలూ దాటేశాను. అప్పుడే వచ్చింది పైన చెప్పిన మాట.

నకలన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. జపాన్‌లోని కొనామీ కంపెనీ కాంట్రాని 1987లో షాపుల్లో పెట్టే మెషీన్ల కోసం తయారుచేసింది. మరుసటేడు, 1988 ఫిబ్రవరిలో నింటెండో వాళ్ళ ఇంటి మెషీన్‌కి దించింది. మా బాబాయి తెచ్చింది ఆ నింటెండోకి దొంగ కాపీ. అంటే నా ఆట నకలుకి నకలన్నమాట!

ఇంటి మెషీన్ పాపం బక్కది. రంగులు తక్కువ. తెరమీద ఒకే వరసలో ఎనిమిది కదిలే బొమ్మల ముక్కలకన్నా ఎక్కువ పడితే కొన్ని మాయమవుతూ వస్తూ మిణుకుమిణుకుమంటాయి. మక్కీకి మక్కీ దించడం కుదరని పని. కుదరకపోవడమే మంచిదైందని నేనంటాను. నవలని సినిమాగా తీసేవాళ్ళకి ఈ సంగతి తెలుసు. పేజీ పేజీ తీస్తే ఎవరూ చూడరు, మళ్ళీ వండుకోవాల్సిందే.

ఇంకో తేడా డబ్బు దగ్గర ఉంది. షాపు మెషీన్ బతికేది బిళ్ళల మీద. ఒక పిల్లాడు ఒక్క బిళ్ళతో గంటసేపు ఆడితే షాపువాడి కొంప మునుగుతుంది. అందుకని తొందరగా చంపేసేలా చేస్తారు. ఇంటికి కొనుక్కున్నవాడు సొమ్మంతా ముందే కట్టేశాడు, వాడికి ఆట నాలుగు నాళ్ళు రావాలి. కాంట్రాలో చేసింది అదే. షాపు ఆటలో మంచు మైదానం, కర్మాగారం, చివరి రాక్షసి గుహ అన్నీ ఒకే స్టేజీలో గబగబా అయిపోతాయి. ఇంటి ఆటలో వాటిని విడివిడి స్టేజీలుగా సాగదీసి, ప్రతిదాని చివరా ఒక పెద్ద శత్రువుని నిలబెట్టారు. షాపు తెర నిలువుది, ఎదురుగా వచ్చేవాడు మీదపడేదాకా కనపడడు. ఇంట్లో టీవీ అడ్డంగా ఉంటుంది కాబట్టి కాస్త ముందుచూపు దొరికింది.

ఇక ఆ ముప్ఫై లైఫుల మంత్రం! పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ. ఎక్కాలైనా తడబడేదాన్నేమోగానీ ఇది తడబడలేదు. దీన్ని మొదట పెట్టినాయన కజుహిసా హషిమోటో. 1986లో 'గ్రాడియస్' అనే షాపు ఆటని ఇంటి మెషీన్‌కి దించుతుంటే, పరీక్షించి చూద్దామన్నా ఆయనే దాటలేకపోయాడట. తన సౌకర్యానికి ఈ కిటుకు పెట్టుకుని, తియ్యడం మర్చిపోయాడు. అలా మిగిలిపోయిన కిటుకే తర్వాత కాంట్రాకీ వచ్చింది. ఆయన 2020 ఫిబ్రవరిలో పోయారు. ఆ వార్త చదివిన రోజు నాకెందుకో మనసు బాగోలేదు.

అన్ని నకళ్ళూ ఇలా కుదరవు లెండి. 1982లో అటారీ ఇంటి మెషీన్‌కి దించిన 'పాక్‌మాన్'లో దెయ్యాలు మిణుకుతూ కళ్ళు నొప్పెట్టేవి. అదే మెషీన్‌కి 1980లో రిక్ మౌరర్ దించిన 'స్పేస్ ఇన్వేడర్స్' చూడండి, ఒక్క ఆటని 112 రకాలుగా మార్చి ఇచ్చాడు. ఇద్దరు ఒకేసారి ఆడుకోవచ్చు కూడా. ఇక 1999లో సెగా డ్రీమ్‌కాస్ట్‌కి వచ్చిన 'సోల్ కాలిబర్' అయితే బొమ్మల అందంలో కూడా షాపు ఆటని దాటేసింది. షాపు మెషీన్ కన్నా ఇంటి పెట్టే బలమైనదయిపోయింది మరి!

మొన్న సంక్రాంతికి అన్నయ్య అమెరికా నుంచి వచ్చాడు. కొనామీ వాళ్ళు 2019లో పాత కాంట్రాలన్నీ కట్టగట్టి తెచ్చిన గేము మా అబ్బాయి దగ్గరుంది. అందులో షాపుదీ ఉంది, ఇంటిదీ ఉంది. ''ముందు నీ అసలుది పెట్టు'' అన్నాను. ఇన్నేళ్ళకి చూశానండీ దాన్ని! రంగులు నిజంగా ముచ్చటగా ఉన్నాయి, కాదనను. బిళ్ళల బదులు బటన్ నొక్కుకుంటూ ఇద్దరం కానిచ్చాం. మంచు మైదానం మొదలైందో లేదో, చివరికి వచ్చేశాం.

''అయిపోయిందా? ఇంతేనా?'' అన్నాడు అన్నయ్య.

''అదేంటి, అప్పట్లో రోజూ గెలిచేవాడివిగా?''

కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వేశాడు. జలపాతం స్టేజీ ఏనాడూ దాటలేదట. అయిదారు బిళ్ళలకి మించి జేబులో ఉండేవి కావుట. ఆ ఎగిరే రైలూ, మూడు తలల పామూ, నాకు చెప్పిన ముగింపంతా సొంత కల్పనేనట! కథలు రాసేది నేను, చూడండి.

''మరి అప్పుడు గెలిచింది నేనేగా?''

''సరే తల్లీ, నువ్వే. ఇప్పుడు నీది పెట్టు.''

మంత్రం నేనే కొట్టాను. వేళ్ళు మర్చిపోలేదు. జలపాతం దగ్గర ఎప్పట్లాగే వాడు గబగబా పైకెక్కేశాడు. తెర వాడితోపాటు పైకి జరిగింది. కింద మిగిలిపోయిన నా సిపాయి గుటుక్కుమన్నాడు.

''ఆగు అన్నయ్యా, నేనింకా ఎక్కలేదు!'' అని అరిచాను. వంటింట్లోంచి అమ్మ ''మళ్ళీ మొదలెట్టారూ?'' అంది.