గుట్ట కదిలే ముందు కబురు పెడుతుంది

ఆ మధ్య కార్తీకమాసంలో ఎగువ అహోబిలం వెళ్ళాం. భవనాశి వాగు పక్కనే జ్వాలా నరసింహస్వామి సన్నిధికి నడుస్తుంటే, మా తోటికోడలు మాటిమాటికీ ఆగి కొండకేసి చూస్తోంది. వాళ్ళు ఉండేది బొగ్గు గనుల ఊళ్ళో.

"ఇంత నిటారుగా ఉన్నా ఈ కొండంటే భయం వెయ్యదక్కా. మా ఇంటి వెనక గుట్టని తలుచుకుంటేనే వానాకాలం నిద్ర పట్టదు" అంది.

"గుట్టకి భయమేమిటే?" అన్నాను.

"అది దేవుడు పెట్టింది కాదుగా... లారీలు పోసింది!"

ఆ మాట నన్ను వదల్లేదు. ఇంటికొచ్చాక నలుగురినీ అడిగి, నాలుగు పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నదే ఇది.

ఇల్లందు, మణుగూరు, రామగుండం, భూపాలపల్లి వంటి సింగరేణి ప్రాంతాల్లో ఓపెన్‌కాస్ట్ గనులున్నాయి. బొగ్గు పైనున్న మట్టీ రాయీ తవ్వి పక్కన పోస్తారు. టన్ను బొగ్గు కోసం నాలుగైదు ఘనపు మీటర్లు, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువే తవ్వాలి. అలా పెరిగేవే ఓబీ గుట్టలు.

పిచ్చుకగూడు పాఠం

చేటలో బియ్యం కుప్పగా పోసి చూడండి. కొంత వాలు దాకా నిలుస్తుంది, ఆపైన పోసిన గింజలు జారిపోతాయి. మట్టి గుట్టదీ అదే లెక్క. ఇక నీళ్ళ సంగతి. కాస్త తడి ఉంటేనే ఇసుకలో పిచ్చుకగూడు నిలుస్తుంది. అదే చెంబెడు నీళ్ళు పోస్తే? క్షణంలో కూలిపోతుంది. గుట్టలోకి నీరు దిగితే బరువు పెరుగుతుంది, రేణువుల మధ్య పట్టు సడలుతుంది. గుట్టకి మొదటి శత్రువు నీరే.

అబర్‌ఫాన్ తల్లులు

వేల్స్ దేశంలో అబర్‌ఫాన్ అని చిన్న బొగ్గు గని ఊరు. అక్కడ కొండ మీద గని వ్యర్థాలు పోసేవారు. ఏడో నంబరు గుట్టని ఏకంగా నీటి ఊటల మీదే పోశారు. బడి వెనక ప్రమాదం ఉందని 1963లోనే స్థానిక కౌన్సిల్ ఉత్తరాలు రాసింది. బడి దగ్గరికి వరద నీరు వస్తోందని 1965లో ఇద్దరు తల్లులు అర్జీ ఇచ్చారు. ఎవరూ పట్టించుకోలేదు.

1966 అక్టోబరు 21, శుక్రవారం ఉదయం. పిల్లలు అప్పుడే తరగతుల్లో కూర్చున్నారు. గుట్ట జారి బడి మీద పడింది. 144 మంది పోయారు. వాళ్ళలో 116 మంది పిల్లలే! తప్పు జాతీయ బొగ్గు బోర్డుదేనని విచారణ తేల్చింది. అయినా మిగిలిన గుట్టలు తీసెయ్యడానికి బాధితుల విరాళాల నిధి నుంచే లక్షా యాభై వేల పౌండ్లు తీసుకున్నారు. ఆ డబ్బు తిరిగివ్వడానికి 1997 దాకా పట్టింది. చదువుతుంటే నా కళ్ళు చెమర్చాయి.

అది పరాయి దేశం కదా అనుకోవద్దు. 2016 డిసెంబరు 29న జార్ఖండ్‌లోని రాజ్‌మహల్ గనిలో మట్టి గుట్ట కూలి 23 మంది కార్మికులు చనిపోయారు.

చట్టం ఏమంటోంది?

మన బొగ్గు గనుల నిబంధనల ప్రకారం గుట్ట వాలు 37.5 డిగ్రీలు దాటకూడదు. 30 మీటర్లకు మించి ఎత్తు పెరిగితే మెట్లు మెట్లుగా పొయ్యాలి. గుట్ట పాదం రోడ్లకీ, రైలు పట్టాలకీ, ఇతరుల ఇళ్ళకీ 100 మీటర్ల లోపు రాకూడదు. ఇవిగాక చుట్టూ కాలువలు తవ్వాలి, అడుగున రాతికట్ట కట్టాలి, గడ్డీ మొక్కలూ పెంచాలి. వేళ్ళు పైమట్టిని పట్టి ఉంచుతాయి. వానాకాలానికి ముందు కాలువల్లో పూడిక తియ్యడం తప్పనిసరి. ఇంటి మీద పెంకులు సర్దుకోవడం లాంటిదే ఇది.

మనం గమనించాల్సినవి

గుట్ట కూలే ముందు చాలాసార్లు కబురు పెడుతుంది. పైన కొత్త పగుళ్ళు, రోజురోజుకీ వెడల్పయ్యే పాత పగుళ్ళు. పాదం దగ్గర పొట్టలా ఉబ్బడం. ఎప్పుడూ లేనిచోట ఊట, బురదనీరు. ఒరిగిన స్తంభాలు, చెట్లు. పైన నిలిచిన నీటి మడుగులు.

ఇలాంటివి కనిపిస్తే దగ్గరికి వెళ్ళి చూడొద్దు. పిల్లల్నీ మేకల్నీ అటు పోనివ్వద్దు. బొగ్గు ముక్కలు ఏరుకోవడానికి అసలే వద్దు. తేదీ వేసి రాసుకోండి, దూరం నుంచే ఫొటో తియ్యండి. గని మేనేజరుకీ, పంచాయతీకీ, కలెక్టరుకీ, గనుల భద్రతా డైరెక్టరేట్‌కీ అర్జీ పెట్టండి. అందినట్టు రసీదు అడగడం మరవకండి.

మన బేతంచెర్ల, బనగానపల్లె వైపు నాపరాతి గనుల దగ్గరా వ్యర్థపు రాళ్ళ కుప్పలు కనిపిస్తాయి. పక్కనుంచి పిల్లల్ని బడికి పంపే తల్లులు వాటినీ ఓ కంట కనిపెట్టడం మంచిది.

ఇదంతా మా తోటికోడలికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"పోయిన వానల్లో గుట్ట కింద ఊట కనిపించిందక్కా. ఎవరికి చెప్పాలో తెలీక ఊరుకున్నా. రేపే వీధిలో వాళ్ళందర్నీ పోగేస్తా" అంది.

అబర్‌ఫాన్‌లో అర్జీ ఇచ్చింది ఇద్దరే. ఆ వీధిలో ఇరవై ఇళ్ళున్నాయి. ఇరవై సంతకాలున్న కాగితాన్ని పక్కన పడెయ్యడం అంత సులువు కాదు.