షియా వెన్న: ఎక్కడిది, ఎలా వాడాలి? మన రైతులు సాగు చేయవచ్చా?

సబ్బులు, క్రీములు, షాంపూల డబ్బాల మీద 'షియా బటర్' అన్న పేరు తరచుగా కనిపిస్తోంది. ఇది పాల వెన్న కాదు, చెట్టు గింజ నుంచి తీసే కొవ్వు. దీని వాడకంతో పాటు, ఆ చెట్టు మన రైతులకు లాభమా అన్నది కూడా తెలుసుకోవాలి.

పుట్టిల్లు ఆఫ్రికా

షియా చెట్టు శాస్త్రీయ నామం విటెల్లారియా పారడాక్సా. మన ఇప్ప, సపోటా కుటుంబానికి చెందినదే. సహారా ఎడారికి దక్షిణాన, సెనెగల్ నుంచి ఉగాండా వరకు మెట్ట భూముల్లో పెరుగుతుంది. ఘనా, బుర్కినా ఫాసో, మాలి, నైజీరియా దేశాల్లో ఎక్కువ. అక్కడి రైతులు పొలం చదును చేసేటప్పుడు ఈ చెట్లను కొట్టకుండా ఉంచి, వాటి మధ్య జొన్న, సజ్జ వేస్తారు.

తయారీ

ఈ పని దాదాపు అంతా మహిళలదే. రాలిన పండ్లు ఏరి, గుజ్జు తీసి, గింజలను ఉడికించి ఎండబెడతారు. ఉడికించడం వల్ల గింజ మొలకెత్తదు, కొవ్వు త్వరగా చెడదు. తర్వాత పప్పును వేయించి, రుబ్బి, నీళ్లు పోస్తూ చేత్తో చిలుకుతారు. పైకి తేలిన కొవ్వును కాచి వడగడతారు. పప్పు బరువులో సుమారు సగం కొవ్వే. అక్కడ ఇది ముందుగా వంట నూనె, ఆ తర్వాతే ఒంటికి రాసే లేపనం.

వాడే విధానం

• స్నానం చేసిన వెంటనే, చర్మం తడిగా ఉండగానే పలుచగా రాయాలి. ఇది తేమ ఆరిపోకుండా ఆపుతుంది. పగిలిన మడమలు, పెదవులు, మోచేతులకు మేలు.
• జుట్టుకు కొద్దిగా అరచేతిలో కరిగించి, పొడిబారిన చివర్లకు రాయాలి. జుట్టు మెత్తబడుతుంది. కొత్త జుట్టు మొలిపిస్తుందన్న ప్రచారాన్ని నమ్మవద్దు.
• మొటిమలు, జిడ్డు చర్మం ఉన్నవారు ముఖానికి రాయకపోవడం మంచిది.
• మొదటిసారి మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి ఒక రోజు చూడాలి. దురద, ఎరుపు వస్తే మానేయాలి.
• పుండ్లు, తామర ఉంటే వైద్యుడిని సంప్రదించాలి.
• ఎండకు కరిగి గడ్డకట్టినప్పుడు పలుకుగా మారినా పనికొస్తుంది. చెడిన నూనె వాసన వస్తే పారేయాలి.

రైతులకు సూచన

షియా మొక్క కాపుకు రావడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. త్వరగా దిగుబడి, కొనుగోలు హామీ అంటూ ఎవరైనా మొక్కలు అమ్మజూపితే తొందరపడి డబ్బు కట్టవద్దు. ముందు వ్యవసాయ లేదా ఉద్యాన అధికారిని సంప్రదించండి.

ఇలాంటి కొవ్వు మన దగ్గర లేకపోలేదు. చాక్లెట్లలో కోకో వెన్నతో పాటు 5 శాతం వరకు కలపడానికి యూరోపియన్ యూనియన్ 2000లో అనుమతించిన ఆరు కొవ్వుల్లో షియాతో పాటు మామిడి టెంక పప్పు, సాల్ గింజ, కోకం కొవ్వులు ఉన్నాయి. ఏజెన్సీ ప్రాంతాల్లో ఇప్ప గింజ నూనె తరతరాలుగా వాడుకలో ఉన్నదే. ఇప్ప గింజలు ఏరేవారు వాటిని నేల తేమలో వదిలేయకుండా వెంటనే శుభ్రం చేసి, బాగా ఎండబెట్టి నిల్వ చేయాలి. బూజు పట్టిన గింజకు నూనె నాణ్యత తగ్గుతుంది, ధరా పడిపోతుంది. పొలం గట్ల మీద ఉన్న ఇప్ప చెట్లను కొట్టకండి. పదిహేనేళ్లు ఎదురుచూడాల్సిన పని లేకుండా ఇప్పటికే కాపునిస్తున్న చెట్లవి.