పెట్టుబడి సాయం: డబ్బు ఎవరి ఖాతాలో, నాగలి ఎవరి చేతిలో?



వానాకాలం మొదలైందంటే చాలు, రియాద్‌లో మన తెలుగువాళ్ళు ఉండే గదుల్లో శుక్రవారం ఫోన్లలో ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: "రైతు భరోసా పైసలు పడ్డయా?" జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల నుంచి వచ్చిన మనలో చాలామందికి ఊళ్ళో ఎకరమో రెండెకరాలో ఉంది. మనం ఇక్కడ, భూమి అక్కడ. నేనూ అంతే. ఇంజనీరింగులో మాస్టర్స్ చేసి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద ఈ దేశం వచ్చాను. జగిత్యాల జిల్లాలో మా నాన్న పేరున మూడెకరాల వరి పొలం ఉంది. ఈ నగదు సాయం రైతు కుటుంబంలో ఏం మారుస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది మా ఇంటి లెక్కతోనే చెబుతాను.

పథకాలు క్లుప్తంగా

తెలంగాణలో రైతుబంధు 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైంది. పంట కాలానికి ఎకరానికి 4,000 రూపాయలు. మొదటి విడత చెక్కులుగా ఇచ్చారు, రెండో విడత నుంచి నేరుగా బ్యాంకు ఖాతాల్లో వేశారు. 2019 వానాకాలం నుంచి అది 5,000 అయింది. 2025 జనవరి 26న రైతు భరోసా పేరుతో 6,000కు పెరిగింది. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ 2019 ఫిబ్రవరిలో వచ్చింది. భూమి ఎంత ఉన్నా కుటుంబానికి ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతల్లో. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో వైఎస్సార్ రైతు భరోసా మొదలైంది. 2025 ఆగస్టు 2న అక్కడ అన్నదాత సుఖీభవ ప్రారంభమైంది. ఇందులో పీఎం కిసాన్‌తో కలిపి ఏడాదికి 20,000 రూపాయలు.

డబ్బు కంటే సమయం ముఖ్యం

మూడెకరాలకు ఒక పంటకు 18,000 రూపాయలు. వరి సాగుకు అయ్యే ఖర్చులో ఇది కొంత భాగమే. మరి ఇంత చర్చ ఎందుకు? ఎందుకంటే రైతుకు డబ్బు అవసరం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. దుక్కి, విత్తనం, నాటు కూలి, మొదటి విడత ఎరువు... అన్నీ కొన్ని వారాల్లోనే మీద పడతాయి. అప్పుడు చేతిలో డబ్బు లేకపోతే షావుకారే దిక్కు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అనుకుందాం. 18,000 అప్పు పంట అమ్మేదాకా ఆరు నెలలు నడిస్తే వడ్డీయే 3,240 రూపాయలు. అంతటితో అయిపోదు. అప్పిచ్చిన వ్యాపారికే, ఆయన చెప్పిన ధరకే, కళ్ళంలోనే వడ్లు తూచాలి. నాట్లకు ముందే సొంత డబ్బు చేతికొస్తే ఆ వడ్డీ మిగులుతుంది, వడ్లు ఎక్కడ అమ్మాలో తేల్చుకునే స్వేచ్ఛా మిగులుతుంది. అదే డబ్బు నాట్లయ్యాక వస్తే? షావుకారు బాకీకి జమ అవుతుంది, అంతే.

మెక్సికోలో 1990ల్లో ప్రొకాంపో అనే పథకం కింద రైతులకు హెక్టారు లెక్కన నగదు ఇచ్చారు. 2001లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం అక్కడ ఒక పెసో సాయానికి కుటుంబ ఆదాయం 1.5 నుంచి 2.6 పెసోల వరకు పెరిగింది. అదను దాటకుండా పెట్టుబడి దొరికితే రూపాయి రెండు రూపాయలయ్యే అవకాశం ఉందన్నమాట.

మనం ఉన్న దేశం చెప్పే పాఠం

రైతుకు సాయం చేసే దారి ఇదొక్కటే కాదు. సౌదీ ప్రభుత్వం 1970ల చివరి నుంచి గోధుమను అంతర్జాతీయ ధరకు ఎన్నో రెట్లు ఇచ్చి కొన్నది. విమానంలోంచి ఖర్జ్, ఖసీం వైపు కనిపించే గుండ్రటి పొలాలు ఆ కాలపు గుర్తులే. 1990ల తొలినాళ్ళకు దిగుబడి 40 లక్షల టన్నుల దరిదాపులకు చేరి, ఎడారి దేశం గోధుమను ఎగుమతి చేసింది. కానీ దానికి ఖర్చయింది మళ్ళీ నిండని భూగర్భ జలం. 2008లో కొనుగోళ్ళు తగ్గించడం మొదలుపెట్టి 2016లో ఆపేశారు. ధర రూపంలో ఇచ్చే సాయం రైతును ఆ ఒక్క పంటకు కట్టేస్తుంది. ఖాతాలో పడే నగదు ఏ పంట వేయాలో రైతుకే వదిలేస్తుంది. ఇది నగదు సాయానికి ఉన్న పెద్ద బలం.

అసలు చిక్కు

మరి బలహీనత? డబ్బు పాసుపుస్తకం వెంట నడుస్తుంది, నాగలి వెంట కాదు. 2022లో రైతు స్వరాజ్య వేదిక జరిపిన సర్వేలో తెలంగాణ సాగుదారుల్లో మూడో వంతుకు పైగా కౌలుదారులే అని తేలింది. రైతుబంధు వాళ్ళను కలుపుకోలేదు. రైతు మరణిస్తే కుటుంబానికి 5 లక్షలిచ్చే రైతు బీమా కూడా పాసుపుస్తకం ఉన్నవాళ్ళకే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టంతో కౌలుదారులకు పదకొండు నెలల సాగు హక్కు పత్రాలు వచ్చాయి, కానీ దానికీ యజమాని సంతకం కావాలి.

ఇప్పుడు మా ఇంటి సంగతి. నాన్నకు మోకాళ్ళ నొప్పులు. పొలం కౌలుకిచ్చాం. నేను కాకా అని పిలిచే మనిషే చేస్తాడు. 2025 వానాకాలంలో నాన్న ఫోనుకు 18,000 పడినట్టు మెసేజి వచ్చింది. అదే వారం కాక ఇంటికొచ్చి, "అన్నా, నాటు కూలికి, ఎరువు బస్తాలకు జర సర్దుతవా?" అని అడిగాడు. నాన్న ఆ 18,000 ఇచ్చాడు... నూటికి రెండు రూపాయల వడ్డీకి! ఫోనులో ఈ మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతులో తప్పు చేసిన భావం ఏమీ లేదు. "బయట మూడు రూపాయలు, మనం రెండే తీసుకుంటున్నం" అన్నాడు. మా పొలం కోసం ప్రభుత్వం ఇచ్చిన పెట్టుబడిని, ఆ పొలం దున్నే మనిషికే మేం అప్పుగా ఇచ్చాం.

కాక పేరు కాగితం మీద రాయిద్దామంటే నాన్న వినలేదు. తెలంగాణ ప్రాంతంలో 1950 నాటి కౌలుదారీ చట్టం, అందులోని 38-ఇ సెక్షన్ కింద రక్షిత కౌలుదారులకు భూమి దక్కిన కథలు ఆయన తరానికి ఇంకా గుర్తే. సాగుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే 2011 చట్టం యజమాని హక్కుకు భంగం లేదని చెబుతుంది. అది చెప్పినా భయం పోలేదు. చివరికి రెండు వారాల ఫోన్ల తర్వాత సగానికి ఒప్పుకున్నాడు. తొమ్మిది వేలు, మొత్తం వడ్డీ మాఫీ. ఇకమీదట ఎప్పుడు సాయం పడినా సగం నాట్లకు ముందే కాకకు. మిగతా సగం గురించి మా ఇంట్లో వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

మిత్రులారా, చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. ఈసారి ఫోను చేసినప్పుడు "పైసలు పడ్డయా?" అన్న ప్రశ్నతో పాటు ఇంకొకటి కూడా అడగండి: "మన పొలం చేసేటాయనకు ముట్టినయా?" మీ భార్యో, తమ్ముడో సాగు చేస్తుంటే ఖాతా కార్డు వాళ్ళ చేతిలోనే ఉందో లేదో చూడండి. కౌలుకిచ్చి ఉంటే సాయం మేరకు కౌలు తగ్గించండి. దానికి ఏ కాగితమూ అక్కర్లేదు. నెలనెలా జీతంలోంచి ఇంటికి డబ్బు పంపే మనకు, అది సరైన చేతికి చేరడం ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా?